ఇట్లు, తమ విధేయురాలు

నా దగ్గర ఒక ప్రార్థన పుస్తకం ఉంది. రెండు వందల పేజీల రూళ్ళ నోటు పుస్తకం. ప్రతి పేజీలో స్కేలుతో మూడు గడులు గీసుకున్నాను: తేదీ, విన్నపం, జవాబు వచ్చిన తేదీ. 2021 ఆగస్టు నుంచి 2024 ఫిబ్రవరి దాకా మధ్య గడిలో ఒకే మాట మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది. "ప్రభువా, తోట కేసు నా పక్షాన తీరాలి. నీ చిత్తమైతే." ఒక రాత్రి కూర్చుని లెక్కపెట్టాను. 112 సార్లు రాశాను. ఎదురుగా మూడో గడి ప్రతిచోటా ఖాళీ.

నేను చిత్తూరులో ఉపాధ్యాయురాలిని. ఇరవై ఆరేళ్ళుగా పిల్లల సెలవు చీటీలు చదువుతున్నాను. లోపల ఏమున్నా చివర "ఇట్లు, తమ విధేయురాలు" అని ఉండి తీరుతుంది. చెప్పకుండా నాలుగు రోజులు మాని, ఐదో రోజు చీటీ పట్టుకొచ్చే పిల్ల కూడా అదే రాస్తుంది. అది లేకపోతే చీటీ చెల్లదని వాళ్ళకు నేర్పింది మేమే. నా ప్రార్థనలో "నీ చిత్తమైతే" అన్న మాట కూడా అలాంటిదేనని నాకు యాభయ్యో ఏట గాని తెలియలేదు. ఏం జరగాలో పైన నేనే రాసేశాను. కింద విధేయురాలినని సంతకం పెట్టాను.

తోట గుడిపాల వైపు, వేలూరు రోడ్డుకు లోపలగా ఉంటుంది. మూడెకరాలు, అన్నీ తోతాపురి చెట్లు. నా చిన్నప్పుడు అక్కడ చెరకు ఉండేది. నీళ్ళు తగ్గిపోయాక చుట్టుపక్కల వారిలాగే నాన్న కూడా మామిడి నాటారు. మా ముత్తాత ఆర్కాటు మిషన్ వారి కాలంలో బాప్తిస్మం తీసుకున్నారు. నాన్న సంఘ పెద్ద. సాయంత్రం కుటుంబ ప్రార్థన కానిదే మా ఇంట్లో అన్నం వడ్డించేవారు కాదు. ఆయన 2017లో పోయారు. అమ్మ అంతకు ఆరేళ్ళ ముందే వెళ్ళిపోయింది. వీలునామా లేదు. తోట తమ్ముడు చూసుకున్నాడు. మొదట్లో కాపు డబ్బులో కొంత తెచ్చి ఇచ్చేవాడు, తర్వాత మానేశాడు. అడిగితే, "నీకు చదువు చెప్పించారు, పెళ్ళి చేశారు, ఉద్యోగం ఉంది. నాకున్నవి ఈ చెట్లే కదా అక్కా" అన్నాడు.

క్రైస్తవులకు వర్తించేది 1925 నాటి భారత వారసత్వ చట్టం. తల్లి కూడా లేని మా ఇద్దరికీ, వీలునామా రాయకుండా పోయిన తండ్రి ఆస్తిలో చెరి సగం వస్తుంది. కొడుకని ఎక్కువ లేదు, కూతురని తక్కువ లేదు. 2021లో భాగం కోసం దావా వేశాను. చట్టం నా వైపు ఉందని తెలిశాక, దేవుడు కూడా నా వైపే ఉన్నాడని అనుకోవడానికి ఎంతో సేపు పట్టలేదు.

మా ప్రాంతంలో ఇద్దరి మధ్య మాట తేలనప్పుడు కాణిపాకం వెళ్ళి వినాయకుడి ఎదుట ప్రమాణం చేయించే అలవాటు ఉంది. మా ఊరి పెద్దాయన ఒకరు, "మీకు ఆ పద్ధతి లేదు కదమ్మా, మరి మీ దేవుడి ముందు ఎలా తేల్చుకుంటారు?" అని నన్ను అడిగారు. "ఉపవాసం ఉండి ప్రార్థన చేస్తాం" అని చెప్పాను. ఆ మాట నిజమే. అయితే కాణిపాకంలో చెయ్యి చాచేవారు తమ మాటను కూడా పరీక్షకు పెడతారు, తప్పు తమదైతే కీడు తమకేనని భయపడతారు. నేను ఉపవాసం ఉన్నది తమ్ముడిని పరీక్షించమని. నన్ను పరీక్షించమని ఒక్క పూట కూడా అడగలేదు.

2023 డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో వాగ్దాన కార్డు తీసుకున్నాను. తెలుగు సంఘాల్లో చాలామందికి ఇది తెలిసినదే. పన్నెండు దాటాక వరుసలో వెళ్ళి, పళ్ళెంలో బోర్లించిన బైబిలు వచనాల కార్డుల్లో ఒకటి తీసుకుంటాం. ఆ సంవత్సరానికి దేవుడు మనకిచ్చిన మాట అదేనని ఇంట్లో గోడకు అంటించుకుంటాం. నాకు నిర్గమకాండం 14:14 వచ్చింది. "యెహోవా మీ పక్షమున యుద్ధము చేయును." చర్చి మెట్ల మీదే కూర్చుని ఏడ్చాను. ఇక తీర్పు వచ్చేసినట్టే అనుకున్నాను. అదే వచనంలో మిగతా సగం, "మీరు ఊరకయే యుండవలెను" అన్నది కూడా కార్డు మీద ఉంది. దాన్ని నేను చదవనట్టే వదిలేశాను.

ఫిబ్రవరిలో శ్రమల దినాలు, అంటే ఈస్టరుకు ముందు వచ్చే నలభై రోజుల ప్రార్థన కాలం, మొదలయ్యాయి. స్త్రీల కూటంలో నా వంతు వచ్చినప్పుడు కేసు గురించి గట్టిగా ప్రార్థన చేశాను. అయిపోయాక, మేమంతా సిస్టరమ్మ అని పిలిచే పెద్దావిడ నన్ను పక్కకు పిలిచారు. వేలూరు ఆసుపత్రిలో ముప్పై ఏళ్ళకు పైగా నర్సుగా చేసి రిటైరైన మనిషి. నెమ్మదిగా మాట్లాడతారు గాని మాట దాచుకోరు.

"అమ్మాయీ, వార్డులో కొందరు ఉండేవారు. డాక్టరు గారు రాగానే ఫలానా సూది వేయండి అనేవారు. నొప్పి ఎక్కడో చెప్పమంటే చెప్పేవారు కాదు, మళ్ళీ సూది పేరే చెప్పేవారు. నువ్వు మూడేళ్ళుగా సూది పేరు చెబుతున్నావు."

నాకు కోపం వచ్చింది. నా హక్కు నేను అడగకూడదా అన్నాను.

"అడుగు. ఆయన అడగమన్నాడు. ముందు నొప్పి చెప్పు. చెప్పాక లేచి వచ్చేయకు, కాసేపు అక్కడే ఉండు."

ఆమె నేర్పింది ఇంతే. దీన్ని చేయడానికి నాకు నలభై రోజులు పట్టింది.

రోజూ తెల్లవారుజామున పావు తక్కువ ఐదుకు లేచి, హాల్లో చాప మీద కూర్చునేదాన్ని. మొదటి వారం చెప్పుకోదగినదేమీ జరగలేదు. మౌనంగా ఉందామనుకుంటే వకీలు ఫీజు గుర్తొచ్చేది. కొళాయి నీళ్ళు వచ్చే రోజైతే చెవి కొళాయి మీదే ఉండేది. కళ్ళు మూసుకుంటే తమ్ముడికి ఎలా జవాబు చెప్పాలో మాటలు కూర్చుకునేదాన్ని. ఆ మాటలన్నీ దేవుడికే చెబుతున్నానని ఇన్నాళ్ళూ భ్రమపడ్డాను. నిజానికి నా ప్రార్థనలో సగం తమ్ముడితో తగాదాయే.

రెండో వారంలో ఒక తప్పు చేశాను. ఇది రాయడానికి బాధగా ఉంది గాని, ఈ దారిలో నడిచే మరొకరికి పనికొస్తుందని రాస్తున్నాను. రెండు చీటీలు రాశాను, ఒకదాంట్లో "కేసు సాగించు", రెండోదాంట్లో "ఆపు". మడిచి బైబిల్లో పెట్టి ప్రార్థన చేసి ఒకటి తీశాను. "ఆపు" వచ్చింది. సరిగా ప్రార్థన చేయలేదేమోనని మళ్ళీ కలిపి తీశాను. "సాగించు" వచ్చింది. అప్పుడు మనసు కుదుటపడింది. ఆ కుదుటపాటే నన్ను పట్టించింది. నాకు కావలసిన జవాబు వచ్చేదాకా తీస్తూ ఉండేదాన్నే. బైబిల్లో గిద్యోను యుద్ధానికి ముందు గొర్రెబొచ్చు పరిచి దేవుణ్ణి రెండుసార్లు గుర్తు అడిగాడు కదా అని నాకు నేను చెప్పుకున్నాను. మరునాడు న్యాయాధిపతులు ఆరో అధ్యాయం తీసి చదివాను. గిద్యోనుకు ఏం చేయాలో దేవుడు అప్పటికే చెప్పాడు, గొర్రెబొచ్చు పరిచింది ఆ తర్వాత. అతను అడిగింది తెలియనిదాని గురించి కాదు, తెలిసినదానికి ధైర్యం చాలక. చీటీలు చింపేశాను.

నొప్పి ఎక్కడుందో దొరికింది నాలుగో వారంలో. దొరికినప్పుడు ఆశ్చర్యం వేసింది, అది మూడెకరాల్లో ఎక్కడా లేదు. నాన్న పోయిన ఏడాదికి జ్ఞాపకార్థ కూటం పెట్టాం. తమ్ముడు కార్డులు అచ్చు వేయించాడు. గులాబీ రంగు అట్ట, పైన నాన్న ఫోటో, కింద ఆహ్వానించువారు: కుమారుడు, కోడలు, మనుమలు. నా పేరు లేదు. ప్రెస్సులో పొరపాటని అన్నాడు. నేను సరేనన్నాను. ఆ కార్డు ఇంకా నా బీరువాలో చీరల కింద ఉంది. ఆ తెల్లవారుజామున దాన్ని బయటికి తీసి చాప మీద పెట్టుకుని, "ప్రభువా, నన్ను నాన్న కూతురిని కాదన్నారు. నొప్పి ఇక్కడ ఉంది" అని చెప్పాను. చాలా సేపు ఏడ్చాను. ఆ రోజు పుస్తకంలో కేసు మాట రాయాలని అనిపించలేదు. తోట మీద ఆశ పోయిందని కాదు. కోర్టు తోటలో వాటా ఇవ్వగలదు గాని, ఆ కార్డు మీద నా పేరు వేయలేదని మొదటిసారి అర్థమైంది.

శుభ శుక్రవారానికి ముందు రాత్రి మత్తయి 26వ అధ్యాయం చదివాం. చిన్నప్పటి నుంచి వింటున్నదే. సిలువకు ముందు రాత్రి యేసు ప్రార్థన చేసిన చోటు గెత్సేమనే. ఆ మాటకు నూనె గానుగ అని అర్థం. చిత్తూరు ఆడపిల్లకు గానుగ అంటే వేరే చెప్పక్కర్లేదు, మా చెరకు ఉన్న రోజుల్లో తోట పక్కనే గానుగ ఆడేవారు. గడ గానుగలోకి వెళ్ళేటప్పుడు చిటపటమని శబ్దం వచ్చేది. పిప్పి ఒకవైపు పడేది, రసం ఒకవైపు కారేది. పెనంలో రసం మరుగుతుంటే మడ్డి పైకి తేలేది, నాన్న పెద్ద జల్లెడ గరిటెతో దాన్ని తీసి పారబోసేవారు. "ఎంత తీసినా వస్తోందే" అని నేను అడిగితే, "కాగేకొద్దీ వస్తుంది, లోపల ఉన్నదే కదా" అనేవారు. ఆ రాత్రి చర్చిలో ఆ మడ్డి వాసన నా ముక్కుకు తగిలినట్టే అయింది.

అప్పుడు నేను గమనించింది ఒకటుంది. యేసు మూడుసార్లు ప్రార్థన చేశాడు. మొదటిసారి, సాధ్యమైతే ఈ గిన్నె, అంటే రాబోయే శ్రమ, నా దగ్గర నుంచి తొలగిపోనివ్వమని అడిగాడు. తన ఇష్టం ఏమిటో దాచలేదు. అందులోనే నీ చిత్తప్రకారమే కానివ్వమన్నాడు. రెండోసారి వచ్చేసరికి మాట మారింది. నేను తాగితే గాని ఇది తొలగిపోదంటే నీ చిత్తమే జరగనీ అన్నాడు. మూడోసారి మళ్ళీ ఆ మాటలే. మొదటిదానికీ రెండోదానికీ మధ్య ఆయన మనసులో ఏం జరిగిందో మత్తయి రాయలేదు. శిష్యులు నిద్రపోయారని, మెలకువగా ఉండి ప్రార్థించమని ఆయన వాళ్ళకు చెప్పాడని మాత్రం రాశాడు. కుమారుడికే ఒక్క మాటతో అయిపోలేదు. నేల మీద పడి, మళ్ళీ వెళ్ళి, మళ్ళీ అడగవలసి వచ్చింది. నేను మాత్రం ఒక వాక్యం చివర రెండు మాటలు తగిలించి లొంగిపోయానని అనుకున్నాను.

ఆ గిన్నె మాట అంతకు ముందే ఇంకోచోట వస్తుంది. మేం ఏది అడిగినా చేయాలని శిష్యులు యాకోబు, యోహాను ముందుగానే మాట తీసుకోబోయినప్పుడు, నేను తాగే గిన్నె మీరు తాగగలరా అని ఆయన వాళ్ళను అడిగాడు. మార్కు 10వ అధ్యాయం. కుడివైపు ఒకరికి, ఎడమవైపు ఒకరికి కుర్చీలు అడిగిన ఇద్దరు అన్నదమ్ములు. నా 112 ప్రార్థనల పక్కన ఆ అధ్యాయం పెట్టి చదువుకుంటే తేడా కనిపించలేదు.

దేవుని చిత్తం తెలుసుకోవడం అంటే నాకు తెలియని రహస్యమేదో ఆయన చెప్పాలని నేను ఎదురుచూశాను. కేసు గెలుస్తానా, ఓడుతానా, ఎప్పుడు అని. ఈస్టరు తర్వాత ఆ మౌనంలో ఒక మాట ఊరికే మనసులో తిరగడం మొదలుపెట్టింది. స్వరం కాదు, కల కాదు. ఆదివారం బడి పిల్లలకు నేనే కంఠస్థం చేయించిన వచనం, మత్తయి 5:23, 24. బలిపీఠం దగ్గర అర్పణ పెట్టబోతూ, నీ మీద నీ సహోదరుడికి విరోధం ఉందని గుర్తొస్తే, అర్పణ అక్కడే వదిలి ముందు వెళ్ళి సమాధానపడు. ఈ విషయంలో ఆయన చిత్తం రెండు వేల ఏళ్ళుగా రాసే ఉంది. నాకు తెలియనిది అడుగుతూ, తెలిసినదాన్ని దాటుకుంటూ నడిచాను. అందులో ఇంకొక మెలిక ఉంది. నీకు అతని మీద విరోధం ఉంటే అని కాదు, అతనికి నీ మీద ఉంటే అని ఉంది. తప్పు ఎవరిదన్న లెక్కకు అక్కడ చోటు లేదు.

వెంటనే వెళ్ళలేదు. రెండు నెలలు గడిచాయి. పరీక్ష పేపర్లు దిద్దాలని, ఎండలని, వకీలు గారిని అడగాలని. అన్నీ నిజమైన పనులే. జూన్ చివరి శనివారం వెళ్ళాను.

కాయ కోస్తున్న రోజులు. తమ్ముడి ఇంటి ముందు ట్రాక్టరు నిలబడి ఉంది, తోతాపురి సగం దాకా నింపి ఉంది. గుజ్జు ఫ్యాక్టరీ ముందు వరుసలో నిలబడాలని తొందరలో ఉన్నాడు. నన్ను చూసి తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. మామిడి సొన అంత త్వరగా పోదు.

"కేసు సంగతి అయితే వకీలుతో చెప్పించు అక్కా."

"కేసు కోసం రాలేదు. నిన్ను చూడటానికి వచ్చాను."

అతను ఏమీ అనలేదు. మరదలు, "లోపలికి రండి వదినా" అని కుర్చీ వేసింది. మంచినీళ్ళు తాగుతూ తల ఎత్తితే, ఎదుట గోడకు క్యాలెండరు పక్కన వాగ్దాన కార్డు అంటించి ఉంది. అదే సైజు, అదే నీలం అంచు. యెషయా 54:17. "నీకు విరోధముగా రూపింపబడిన యే ఆయుధమును వర్ధిల్లదు."

గ్లాసు చేతిలోనే ఉండిపోయింది. ఈ ఇంట్లో పిల్లలు, మరదలు, తమ్ముడు రోజూ ఆ కార్డు కింద మోకరించి ప్రార్థన చేస్తున్నారు. వాళ్ళ ప్రార్థనలో ఆ ఆయుధం నేను. నా ఇంటి గోడ మీది కార్డులోని యుద్ధం ఎవరితోనో వాళ్ళకు తెలుసు. ఒకే తండ్రికి ఇద్దరం, రెండు ఊళ్ళ నుంచి, ఒకరి మీద ఒకరు మొర పెట్టుకుంటున్నాం. నాన్న అన్న మాట, పరలోకపు తండ్రి అన్న మాట ఆ క్షణంలో నాకు వేరు వేరుగా అనిపించలేదు.

ఆ రోజు నేను చెప్పింది తక్కువ. "నాన్న జ్ఞాపకార్థ కార్డులో నా పేరు లేకపోవడం నాకు చాలా బాధ అయింది. ఆ బాధతో నీ మీద చాలా మాటలు అన్నాను. క్షమించు" అన్నాను. తమ్ముడు నేల చూస్తూ, "ప్రెస్సు పొరపాటు కాదక్కా" అన్నాడు. అంతే. అప్పుడు కోపం వస్తుందనుకున్నాను, రాలేదు. ఆ తర్వాత మరదలు చెప్పింది, మూడు బోర్లు వేశారని, రెండింటిలో నీళ్ళు పడలేదని, ఆ అప్పు ఇంకా ఉందని. డబ్బు ఇవ్వడం మానేసింది అప్పుడే. అక్కకు అప్పు మాట చెప్పడానికి నామోషీ పడ్డాడు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా రాయాలి. నేను కేసు వదులుకోలేదు. ఆడపిల్ల వాటా వదులుకోవడమే దేవుని చిత్తమని ఎవరైనా ఈ అనుభవం చూపించి మరో ఆడపిల్లకు చెబితే అది నా మీద అబద్ధం చెప్పడమే. ఇలాంటి సలహాలు మన సంఘాల్లో వినీ వినీ ఉన్నాను. తలరాత అనుకుని చేతులు ముడుచుకోవడం వేరు, నీ చిత్తం అని చేతులు చాపడం వేరు. యేసు గిన్నె తొలగించమని అడగడానికి వెనుకాడలేదు. నేను కూడా నా వాటా అడగడం మానలేదు. వకీలు గారితో మాట్లాడి, ఇద్దరం ఒప్పుకుంటే లోక్ అదాలత్‌లో రాజీ చేసుకుందామని తమ్ముడికి కబురు పెట్టాను. అక్కడ అయిన అవార్డు కోర్టు డిక్రీతో సమానం, అప్పీలు ఉండదు, కట్టిన కోర్టు ఫీజు తిరిగి ఇస్తారు. తమ్ముడి బోరు అప్పులో సగం నా వాటా లెక్కలో కలుపుకోవచ్చని నేనే అన్నాను. ఆ బోరు నీళ్ళు నా చెట్లకూ వస్తాయి కదా.

కష్టమైనది ఇంకొకటి. ఇప్పుడు పుస్తకంలో తమ్ముడి పేరు రాసి, అతనికి మేలు చేయమని ప్రార్థిస్తున్నాను. కాపు బాగుండాలని, అప్పు తీరాలని. మొదట్లో పెదవులతో అన్నాను. కొన్ని రోజులు అదీ అనలేకపోయాను. చిన్నప్పటి నుంచి రోజూ చెప్పుకునే ప్రభువు ప్రార్థనలో "నీ చిత్తము నెరవేరును గాక" అన్నది ముందు, అనుదినాహారం తర్వాత వస్తాయి. నేను యాభై ఏళ్ళు ఆ వరుసలోనే చెప్పి, తిరగేసి బతికాను. ఇప్పటికీ కొన్ని ఉదయాల్లో తిరగబడుతుంది. అప్పుడు మళ్ళీ మొదటి నుంచి చెబుతాను.

కొత్త పుస్తకానికి రెండే గడులు గీశాను.

లోక్ అదాలత్ తేదీ వచ్చే నెలలో ఉంది. బోరు ఎవరి వాటాలో పడాలన్నది ఇంకా తేలలేదు. తమ్ముడు రోడ్డు వైపు ఎకరంన్నర తనకే కావాలంటున్నాడు, నాకూ అదే కావాలి. ఈ సంగతి దేవుడికి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. మొన్న ఆదివారం సాయంత్రం ఫోను మోగింది. తమ్ముడు. పూత బాగా వచ్చిందని, తేనెమంచు పురుగు కనిపిస్తోందని, మందు కొట్టాలని చెప్పాడు. కేసు మాట ఎత్తలేదు. పెట్టేసే ముందు, "నాన్న నాటిన మొదటి చెట్టు ఏదో నీకు గుర్తుందా అక్కా? పిల్లలు అడుగుతున్నారు" అన్నాడు. బావి పక్కది, కొమ్మ వంగినది అని చెప్పాను.